పంపినవారు: గౌరవ మంత్రివర్యులు

నీళ్ల మంత్రిగారు చరిత్ర సృష్టించారు. ఆయన ఫిర్యాదుల కేంద్రం ప్రారంభించి తొంభై తొమ్మిది రోజులైంది. ఇంతవరకూ నమోదైన ఫిర్యాదులు సున్నా. ఆ సున్నాని గోడంత బోర్డు మీద దీపాలతో వెలిగించి, నూరో రోజున సన్మానానికి ముహూర్తం పెట్టుకున్నారు. కుళాయి అనేది పుట్టిన దగ్గర్నుంచి ఏ మంత్రికీ దక్కని సున్నా అది.

ఆ సున్నా ఎలా వచ్చిందో తెలిసిన మనిషి ఒక్కతే. ఆ కేంద్రంలో కాంట్రాక్టు మీద పనిచేసే టెక్నీషియను. ఆఫీసంతా ఆమెని కంప్యూటరమ్మ అంటారు.

ఎవరైనా ఫిర్యాదు రాస్తే సిస్టమ్ దానికో టికెట్ నంబరు ఇచ్చి, రాసినవాళ్లకి ఒక మెయిలు, గొట్టాలు బాగుచేసే మేస్త్రీకి ఒక మెయిలు పంపాలి. ఆ మెయిళ్లు గడప దాటితేనే ఫిర్యాదు నమోదైనట్టు లెక్క. లోపలికి రావాల్సినవి దివ్యంగా వస్తున్నాయి. బయటికి మాత్రం ఒక్కటీ పోవడం లేదు. పదకొండు వేల రెండొందల నాలుగు టికెట్లు క్యూలో నిలబడి ఉన్నాయి. అందులో ఒకటి ఆమె సొంత అక్కది.

“ఏమే, నువ్వు పనిచేసే ఆఫీసుకే కదా రాశాను!” అని అక్క ఫోన్లో ఏడ్చింది. “కుళాయిలో మురుగు కలిసి వస్తోందంటే వినే నాథుడే లేడు. పాపకి పొద్దుట్నుంచి ఒకటే వాంతులు. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం. కాచి తాగించమంటారు. కాస్తే మురుగు వేడెక్కుతోందంతే.”

కంప్యూటరమ్మ వెంటనే ఫోన్ పెట్టేసి మేస్త్రీని బతిమాలింది. “టికెట్ లేకుండా గడ్డపార ముట్టుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది మేడమ్. మెయిలు రానివ్వండి, అరగంటలో మీ అక్కగారి వీధిలో ఉంటాం” అన్నాడతను. మంచివాడే, రూలు దాటడు.

ఆమె పాస్‌వర్డ్ మార్చింది. పోర్ట్ నంబరు సరిచూసింది. చివరికి తొంభై తొమ్మిది రోజులుగా ఎవరూ చేయని పని చేసింది, అంటే ఎర్రర్ మెసేజీ చదివింది. ‘ఈ లాగిన్‌కి ఆ పేరుతో మెయిలు పంపే అధికారం లేదు’ అని ఉంది. ‘పంపినవారు’ అన్న గడి తెరిచి చూస్తే ఆఫీసు అడ్రసు ఉండాల్సిన చోట మంత్రిగారి అడ్రసు, ముందు ‘గౌరవ’, వెనక ‘వర్యులు’.

ఆ గౌరవం చేసింది కేంద్రం పెద్దాఫీసరు. పై నుంచి ఏ మాట వచ్చినా చిత్తం అంటాడు కాబట్టి ఆయన్ని చిత్తం సార్ అంటారు. ప్రజలకి జవాబు ఆఫీసు పేరున వెళ్తే ఏం మర్యాదని, ప్రారంభోత్సవం నాడే స్వహస్తాలతో మార్చాడు.

“సార్, ఆ పేరుంటే సర్వర్ ఒప్పుకోదు.”

“మంత్రిగారి పేరుకి ఒప్పుకోదా? ఏ పార్టీది?”

“మెషిన్ సార్.”

“అయితే మెమో ఇవ్వు.”

మెమో టైపు చేయించి, సర్వర్ నెత్తిన జిగురుతో అంటించారు. సాయంత్రం దాకా సంజాయిషీ రాలేదు. సర్వర్ పొగరుబోతుదని ఫైల్లో రాసుకున్నారు.

“ఆ ఒక్క గడిలో పేరు తీసేస్తే చాలు సార్, మీ కాళ్లు పట్టుకుంటాను.”

“చూడమ్మాయ్, ముప్ఫై ఏళ్ల సర్వీసులో మంత్రుల పేర్లు రాయడమే నాకొచ్చు. తీసేయడానికి ఓటర్లున్నారు.”

ఇక ఆగలేక ఆమే తీసేసింది. టెస్ట్ మెయిలు రెండు సెకన్లలో వచ్చి పడింది. కానీ క్యూ మొత్తాన్ని వదిలే మీట చిత్తం సార్ లాగిన్‌లో ఉంది. ఆయన దడదడలాడుతూ ఆమెని మంత్రిగారి ముందుకి లాక్కెళ్లాడు.

“పదకొండు వేలూ బోర్డెక్కితే రేపు నా సన్మానం గతేమిటి?” అన్నారు మంత్రిగారు.

“అయ్యా, మా అక్క కూతురు ఆ నీళ్లు తాగి ఆస్పత్రిలో ఉంది” అంది కంప్యూటరమ్మ. “మెయిలు పోతే చాలు, మేస్త్రీ పరిగెత్తుతాడు.”

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. అంత పెద్ద కళ్లు అంత తొందరగా చెమర్చడం మామూలు విషయం కాదు. “ఆ పాప నా మనవరాలనుకో. పోవాల్సిందే! ఒకటి కాదు, మనిషికి రెండేసి మెయిళ్లు పోవాలి. రెండోది నేనే రాయిస్తాను.”

“చిత్తం” అన్నాడు చిత్తం సార్. ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

మర్నాడు సభ కిక్కిరిసింది. మంత్రిగారు వేదిక మీంచి మీట నొక్కారు. బోర్డు మీద సున్నా చెదిరి, అంకెలు గిర్రున తిరిగాయి. నమోదైన ఫిర్యాదులు 11,204. జనం నోళ్లు తెరిచేలోపు పక్కనే కొత్త దీపాలు వెలిగాయి. పరిష్కరించినవి 11,204. మొత్తం వ్యవహారానికి పట్టింది నలభై సెకన్లు. చిత్తం సార్ కన్నీళ్లు తుడుచుకోవడానికి అంతకన్నా ఎక్కువ పట్టింది.

కంప్యూటరమ్మ వేదిక వెనక్కి పరిగెత్తి మేస్త్రీకి ఫోన్ చేసింది.

“అందిందా?”

“అందింది మేడమ్! గడ్డపారలు బండెక్కించడం మొదలెట్టాం. ఇంతలో రెండోది దిగింది, సమస్య పరిష్కరించబడినది అని. సామాను దించేశాం.”

“ఎవరు పరిష్కరించారయ్యా? మీరు కదల్లేదుగా!”

“మంత్రిగారు చేశామన్నాక మేం మళ్లీ తవ్వితే, ఆయన్ని అనుమానించినట్టు కాదూ?”

ఆమె ఫోన్ పెట్టేలోపే అక్క నుంచి ఫోన్. ఇన్నాళ్లకి అక్క గొంతులో నవ్వుంది.

“మెయిలొచ్చిందే! మీ ఆఫీసు పేరుతోనే వచ్చింది. నువ్వు ఉండబట్టి అయింది. పాపకి కాస్త తేలిగ్గా ఉంది, నీళ్లు బాగా పట్టమన్నాడు డాక్టరు. కుళాయి బాగైపోయింది కదా అని, పక్క వీధే కాబట్టి ఇంటికెళ్లి కుళాయి నీళ్లే పట్టుకురమ్మన్నాను మీ బావని.”

“అక్కా, వద్దు! అక్కా—”

సభలో జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

“ఏమిటే, ఆ చప్పట్లలో ఒక్క ముక్క వినబడట్లేదు. సరేలే, మీ బావ సీసా తెచ్చారు. పాప దాహం దాహం అంటోంది. ఉంటాను.”