కొమ్ముకు దీర్ఘం

ఆ రోజు పొద్దున ఆకాశం తోమి బోర్లించిన సత్తుగిన్నెలా ఉంది. పడమటి గుట్టల మీద ఒక్క మబ్బు పీలిక కనిపించింది గాని దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. పంచాయతీ రేడియోలో అప్పుడే ప్రకటన వచ్చింది మరి.

"మారుమూల గ్రామమైన గుండ్లవాయి ప్రజల చిరకాల వాంఛ నేటికి నెరవేరింది. గ్రామీణ క్రీడల శాఖ మంత్రి శ్రీ కోదండపాణి గారు ఆ గ్రామానికి పూల్ మంజూరు చేశారు."

సర్పంచి బొజ్జయ్య పరుగున మా ఇంటికి వచ్చాడు.

"రామన్నా! ఇన్నవా? మనకు పుల్ వచ్చింది!"

"ఇన్న," అన్నాను. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను.

"ఆటల మంత్రి పుల్ ఎట్ల ఇచ్చిండంటవ్?"

"ఇచ్చినప్పుడు తీసుకోవాలె. ఎట్ల అని అడగొద్దు," అన్నాను.

ఊరికీ భద్రాచలం రోడ్డుకూ నడుమ నక్కలవాగు ఉంది. ఎండాకాలం మోకాలి లోతు కూడా ఉండదు. వానాకాలం మనిషి మునుగుతాడు. మూడేళ్ల కింద జంపక్క పెనిమిటిని పాము కరిస్తే మంచం మీద ఒడ్డు దాకా తెచ్చాం. వాగు తగ్గేదాకా కూర్చున్నాం. వాగు తగ్గింది. మంచాన్ని తిరిగి ఇంటికి తీసుకుపోయాం. ఈ ఏడు జంపక్క బిడ్డ ఆదెమ్మ కాన్పుకని తల్లిగారింటికి వచ్చింది. ఆషాఢం చివరికి నెలలు నిండుతాయి.

ఊరివాళ్లలో ఏడో తరగతి దాకా చదివింది నేనొక్కణ్ణే కాబట్టి అర్జీలన్నీ నేనే రాస్తాను. మొదటిసారి వంతెన కావాలని రాశాను. 'మీ వంతెన పరిశీలనలో ఉన్నది' అని జవాబు వచ్చింది. నాలుగేళ్ల తర్వాత బ్రిడ్జి కావాలని రాశాను. 'మీకు ఒక వంతెన ఇదివరకే పరిశీలనలో ఉన్నందున బ్రిడ్జిని పరిశీలించుట వీలుపడదు' అని వచ్చింది. మూడోసారి మేం నోటితో అనే మాటే రాద్దామనుకున్నాను. మా దిక్కు దాన్ని పుల్ అనే అంటాం. ఒకసారి హైదరాబాద్ పోయినప్పుడు సిటీ బస్సు బోర్డు మీద కొత్త వంతెన ఉన్న చోటును 'నయాపూల్' అని కొమ్ముకు దీర్ఘం పెట్టి ఉండటం చూశాను. సర్కారు బస్సు తప్పు రాయదు కదా. అట్లాగే రాశాను.

'మా ఊరికి పూల్ లేక అనేక ఇబ్బందులు పడుతున్నాము. పిల్లలకు, వృద్ధులకు పూల్ అవసరం. గర్భిణీ స్త్రీలకు మరీ అవసరం.'

రాములవారి దర్శనానికి భద్రాచలం వచ్చిన మంత్రిగారి చేతిలో ఆ కాగితం పెట్టాను. ఆయన చదివారు. మళ్లీ చదివారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక అర్జీకి మంత్రి కళ్లు చెమర్చడం నేను చూడటం అదే మొదలు.

"అడవిలో ఉన్నారు. అయినా పూల్ కావాలన్నారు. కూడు అడగలేదు, గుడ్డ అడగలేదు," అని పక్కవాళ్లకు చూపించారు.

ఆయన కన్నీళ్లకు కారణం నాకు వైశాఖం దాకా తెలియలేదు.

వైశాఖంలో మూడు జీపులూ ఒక లారీ వాగు అవతల ఆగాయి. లారీలో సిమెంటు లేదు, ఇనుము లేదు. గడ్డి చుట్టిన మూడు పెద్ద నల్లరాళ్లు, కొన్ని దూలాలు, ఒక చెక్కపెట్టె ఉన్నాయి. ఇంజనీరింగ్ శాఖ డి.ఈ. గారు, కాంట్రాక్టర్ హీరాలాల్ గారు దగ్గరుండి దింపించారు. నలభై మందిమి భుజాల మీద మోసి వాగు దాటించాం.

"గిదేంది రామన్నా? పుల్లు సామానా?" అంది జంపక్క.

"అవ్, గట్లనే ఉంది."

"మరి వాగు కాడ దించక ఊర్లకెందుకు మోస్తున్రు?"

నేను భుజం మార్చుకున్నాను. రాయి బరువుగా ఉంది.

సామాను బడి గదిలో దించారు. ఊరికి గోడలూ స్లాబూ ఉన్న గది అదొక్కటే. పిల్లల్ని చింతచెట్టు కిందికి పంపారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఫిట్టర్ దూలాలు నిలబెట్టి, వాటి మీద మూడు రాళ్లూ పక్కపక్కన పరిచి, పైన ఆకుపచ్చ బట్ట లాగి బిగించాడు. బల్ల అయింది. అంచుల్లో ఆరు బొక్కలున్నాయి. పెట్టెలో అంకెలు వేసిన రంగురంగుల పెద్ద గోళీలు, పొడుగాటి నున్నని కర్రలు, నీలం సుద్దముక్కలు ఉన్నాయి. కర్రతో గోళీని పొడిచి బొక్కలో వేయాలట. దాని పేరు పూల్ అట.

మంత్రిగారు ప్రసంగించారు.

"గ్రామాభివృద్ధిని అధ్యయనం చేయడానికి నన్ను ప్రభుత్వం పద్దెనిమిది రోజులు విదేశాలకు పంపింది. అక్కడి గొప్పవాళ్లందరినీ కలిశాను. ఒక బ్యాంకు ప్రెసిడెంట్, ఇద్దరు సెనేటర్లు, ఒక సినిమా హీరో. వారంతా ఎక్కడ కలిశారు? ఈ బల్ల దగ్గర! పూల్ ఆడని మనిషి ఒక్కడు కూడా అక్కడ పైకి రాలేదు. నేడు గుండ్లవాయి ఆ దేశాల సరసన నిలబడింది."

బొజ్జయ్య నా చెవిలో అన్నాడు. "పుల్లు గురించి ఎప్పుడు మాట్లాడ్తడు?"

"మాట్లాడుతుండు," అన్నాను.

"ఏం రాసినవ్ రామన్నా నువ్వు?"

"ఒక దీర్ఘం ఎక్కువ పడ్డది," అన్నాను.

తర్వాత మంత్రిగారు, హీరాలాల్ గారు ఆడారు. నేను సుద్దముక్క పట్టుకొని నిలబడ్డాను. గొప్పవాళ్లు ఆడుకోవడం అంత దగ్గరగా చూసే భాగ్యం అందరికీ దొరకదు. హీరాలాల్ గారంత నేర్పుగా ఓడిపోయే మనిషిని నేను చూడలేదు. బొక్క ముందు ఆగి ఉన్న గోళీని తప్పించి బల్ల అంచుకు కొట్టగలరు. కొట్టి, "సార్ ముందు చెయ్యి వణుకుతోంది," అనగలరు. ఏడు ఆటలాడి ఏడూ ఓడారు. వాళ్లు ఆడుతున్నంతసేపూ డి.ఈ. గారు కూలీల మస్టర్ రాసినంత శ్రద్ధగా మంత్రిగారి గెలుపులు రాసుకున్నారు.

జీపులు వెళ్లిపోయాక జంపక్క బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. బట్ట ఎత్తి రాయిని నిమిరింది.

"రాయైతే మంచిదే," అంది.

వాగులో ఒకచోట నాలుగు బండలున్నాయి. వాటి నడుమ మూడు సందులు. ఎండాకాలం వాటిని దూకి దాటుతాం. వానాకాలం దూకినవాళ్లు కింది ఊర్లో తేలుతారు. బొజ్జయ్య తాడు తీసుకొని పోయి సందులు కొలిచి వచ్చాడు. అదే తాడుతో బల్ల మీది రాళ్లు కొలిచాడు. ఒక్కో రాయి సందు కంటే జానెడు పొడుగు. అడుగున చెక్క బిగించి ఉంది కాబట్టి గట్టిది.

"మూడు సందులు, మూడు రాళ్లు. సర్కారు కొలిచి పంపినట్టే ఉంది రామన్నా!"

మర్నాడు రాళ్లు బండల మీద ఉన్నాయి. ఆకుపచ్చ బట్టను పుట్టబోయే మనవడికని జంపక్క మడిచి దాచింది. గోళీలు పిల్లలకు అంకెలు నేర్పడానికి పనికొచ్చాయి. నీలం సుద్దతో పంతులు నల్లబల్ల మీద రాశాడు. కర్రలు రెండు ఒడ్డులకూ పంచాం, ముసలివాళ్లు పట్టుకొని దాటడానికి. గది మళ్లీ బడి అయింది. దూలాలు ఒక మూలన పేర్చాం.

ఆషాఢం వచ్చింది. వానలు మొదలయ్యాయి. రాళ్ల కింద నీళ్లు నురగలు కక్కుతూ పోతుంటే మేం పైన నడిచిపోయాం. ఒక మంచి రోజు చూసి ఆదెమ్మను దాటించి భద్రాచలం దవాఖానాలో చేర్పించాలని జంపక్క మూట కట్టుకుంది. బుధవారం అనుకున్నారు. మంగళవారం నాడు మంత్రిగారు 'పూల్ సమీక్ష'కు వచ్చారు.

జీపు అవతల ఆపి, రాళ్ల మీదుగా నడిచి వచ్చారు. నడుమ ఆగి కాలితో తట్టి చూశారు.

"భేషుగ్గా ఉందే! ఎవరు వేశారు?"

"అంత మీ దయనే సార్," అన్నాడు బొజ్జయ్య.

మంత్రిగారు అలాంటివి చాలా విన్నవారు కనుక నవ్వి ఊరుకున్నారు. బడి ముందర కుర్చీ వేశాం. వెనక డి.ఈ. గారు, హీరాలాల్ గారు, ఫిట్టర్ నిలబడ్డారు.

"పూల్ వాడకం ఎలా ఉంది?"

"మస్తుగ ఉంది సార్. పొద్దున లేస్తె దాని మీదనె," అన్నాడు బొజ్జయ్య.

"ఆడవాళ్లు కూడానా?"

"ఆడోళ్లే ఎక్కువ."

"ముసలివాళ్లు?"

"కర్ర పట్టుకుంటె వాళ్లకు గూడ అయితది. మొదట్ల కాళ్లు వణికినయి. ఇప్పుడు అలవాటైంది."

"కర్ర పట్టుకోవడమే అసలు విద్య," అన్నారు మంత్రిగారు. "ఒకేసారి ఎంతమంది?"

"ఇద్దరి కంటె ఎక్కువ ఎక్కొద్దని ఊరంత కట్టడి చేసుకున్నం సార్."

"ఇద్దరే! అంతర్జాతీయ నిబంధన! వీళ్లకు ఎవరు చెప్పారయ్యా?"

"మేకలు గూడ సార్," అంది వెనక నుంచి జంపక్క.

మంత్రిగారు కాసేపు ఆలోచించారు. "మేకలా?"

"ముందు బెదిరినయి. ఇప్పుడు అవ్వే పోతున్నయి."

డి.ఈ. గారు ముందుకు వంగి, "ఇక్కడి సంప్రదాయం సార్," అన్నారు. మంత్రిగారు తల ఊపారు. తర్వాత లేచి చొక్కా చేతులు మడిచారు.

"పదండి హీరాలాల్ గారూ, ఒక గేమ్."

గదిలోకి వెళ్లారు. పిల్లలు ఎనిమిదో అంకె దగ్గర ఉన్నారు. మూలన దూలాలు ఉన్నాయి.

"బల్ల ఏదీ?"

అర్జీ రాసింది నేను కాబట్టి నేనే చెప్పాను.

"మీరు దాని మీద నడిచే వచ్చిండ్రు సార్."

మంత్రిగారు తన బూట్ల వంక చూసుకున్నారు. ఇంకొకరైతే మండిపడేవారు. ఆయన అలా చేయలేదు. ఆయన అడిగింది ఒక్కటే.

"గీతలేమైనా పడ్డాయా?"

"లేదు సార్. మేం చెప్పులు ఇడిచి నడుస్తం."

"ఆటంటే ఎంత గౌరవం!" అన్నారు. "ఫిట్టర్! రాళ్లు తెచ్చి బిగించు."

జంపక్క గుమ్మానికి అడ్డం నిలబడింది. "రాళ్లు తీస్తె నా బిడ్డ ఎట్ల దాటాలె సారూ? రేపు దవాఖానాకు పోవాలె. ఇయ్యాల్నో రేపో అన్నట్టుంది దాని పాణం."

"ఒక్క గేమ్ తల్లీ. గంటలో మళ్లీ పెట్టిస్తాను. నాది భరోసా."

"గంట సేపు వాగు ఆగుతదా?"

మంత్రిగారు డి.ఈ. గారి వైపు చూశారు.

"వాగు మా శాఖ కిందికి రాదమ్మా," అన్నారు డి.ఈ. గారు.

రాళ్లు వచ్చాయి. వాటిని మోసింది మేమే. జంపక్క ఇంటి నుంచి బట్ట కూడా తెచ్చారు. ఒక అంచున పసుపు అంటింది. పిల్లల దగ్గర గోళీలు, ఒడ్డున కర్రలు తీసుకున్నారు. ఆట మొదలైంది. హీరాలాల్ గారు ఆ రోజు మునుపటి కంటే బాగా ఓడుతున్నారు. మంత్రిగారికి ఇంకొక్క నల్లగోళీ మిగిలింది. అది వేస్తే గెలుపు. ఆయన వంగి, ఒక కన్ను మూసి, గురి చూశారు.

పడమటి గుట్టల మీద ఉరిమింది.

మా దగ్గర చుక్క కూడా పడలేదు. గుట్టల మీద పడ్డది చాలు. నాకు ముందు వాసన వచ్చింది, తర్వాత చప్పుడు వినిపించింది. బొజ్జయ్య బయటికి పోయి చూసి వచ్చాడు.

"వాగొచ్చింది."

"కొంచెం ఆగు," అన్నారు మంత్రిగారు, కన్ను తెరవకుండా.

అప్పుడే జంపక్క వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు. వెనక ఇద్దరు ముసలమ్మలు ఆదెమ్మను నడిపించుకొస్తున్నారు. ఆదెమ్మ పెదవి కొరుక్కుంటోంది. బయట చినుకులు మొదలయ్యాయి. ఊర్లో కారని కప్పు ఇదొక్కటే.

"జరుగుండ్రి సారూ," అంది జంపక్క.

"తల్లీ, ఒక్క గోళీ..."

జంపక్క గోళీని చేత్తో తీసి బొక్కలో వేసింది. "గెలిసినవ్. పో, బయటికి."

మంత్రిగారు, డి.ఈ. గారు, హీరాలాల్ గారు బయటికి వచ్చి చూరు కింద నిలబడ్డారు. సుద్దముక్క చేతిలో పట్టుకొని నేనూ నిలబడ్డాను. వాన పెద్దదైంది. అవతలి ఒడ్డున జీపు డ్రైవరు చేతులు ఊపుతూ ఏదో అరిచాడు. వాగు చప్పుడులో వినపడలేదు. బండలున్నచోట ఎర్రనీళ్లు సుడి తిరుగుతున్నాయి. సాయంత్రం భద్రాచలంలో మంత్రిగారికి సన్మానం ఉంది.

"ఎప్పుడు తగ్గుతుంది?" అన్నారు.

"ఎల్లుండికి తగ్గుతదేమో సార్. మూడేళ్ల కింద గట్లనే తగ్గింది," అన్నాను.

మధ్యాహ్నం దాటాక లోపల పసిగుడ్డు ఏడ్చింది. ఇద్దరూ కులాసా అని ముసలమ్మ వచ్చి చెప్పింది. హీరాలాల్ గారు చప్పట్లు కొట్టబోయి మంత్రిగారి ముఖం చూసి మానేశారు.

బొజ్జయ్య ఇంట్లో వండిన అన్నం, చారు, ఎండుచేపల కూర చూరు కిందికే వచ్చాయి. మోదుగాకు విస్తర్లు వేసి అందరం ఒకే వరసలో కూర్చున్నాం. మంత్రిగారు చాలాసేపు వాగు వంక చూశారు. చివరికి గొంతు సవరించుకున్నారు.

"డి.ఈ. గారూ, ఈ ఊరికి ఒక పుల్ అవసరమయ్యా. వెంటనే శాంక్షన్ చేయాలంటే ఏం చేయాలి?"

డి.ఈ. గారు చెయ్యి తుడుచుకొని, సంచిలోంచి ఫైలు తీసి, తడవకుండా ఒళ్లో పెట్టుకొని తిప్పారు.

"కుదరదు సార్. ఈ ఊరి అర్జీ మీద తమరు ఇదివరకే మంజూరు చేశారు. పని పూర్తయింది. ప్రజలు సంతోషంగా వాడుకుంటున్నారని ఇవాళ పొద్దున తమరే సమీక్షించారు. ఫైలు మూసేశాం."

మంత్రిగారు నా వంక చూశారు. నేను చారు కలుపుకున్నాను.

జంపక్క లోపలి నుంచి వచ్చి, చేతులు కడుక్కొని, తనూ ఒక విస్తరి వేసుకొని మంత్రిగారి పక్కన కూర్చుంది. అందరం తిన్నాం. మంత్రిగారు తిన్నారు, డి.ఈ. గారు తిన్నారు, హీరాలాల్ గారు మంత్రిగారి కంటే ఒక ముద్ద తక్కువ తిన్నారు.