గీత దాటని జట్టు, కుర్చీ దాటని ఊరు

బాస్కెట్‌బాల్ ఆటకి బంతి అక్కర్లేదని నాకు చాలాకాలంగా అనుమానం. ఈ ఫిబ్రవరిలో మా పిట్స్‌బర్గ్ రివెటర్స్ జట్టు ఆ సంగతి నిరూపించింది. వాళ్లకి నా హృదయపూర్వక అభినందనలు!

ఒకప్పుడు మేమెంత అమాయకులమో తలుచుకుంటే నవ్వొస్తుంది. పదిమంది పొడుగాటి మనుషులు అటూ ఇటూ పరిగెడుతుంటే గెలిచామా, ఓడామా అని చూసేవాళ్లం. గెలిస్తే కేకలు, ఓడితే తిట్లు, అంతే. ఇప్పుడు మా వీధిలో జుట్టు కత్తిరించే కార్మైన్‌కి కూడా తెలుసు, అసలు ఆట కోర్టులో జరగదనీ, జీతాల పట్టికలో జరుగుతుందనీ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ప్రతి జట్టు జీతాల మొత్తానికీ లీగ్ వాళ్లు ఒక గీత గీశారు. గీత దాటితే లగ్జరీ టాక్స్. ఎంత దాటితే అంత ఎక్కువ. ఏటేటా దాటుతుంటే వాయింపే. ఆ పైన ఇంకో గీత ఉంది. అది కూడా దాటిన జట్టుకి ఆటగాళ్లని ఇచ్చిపుచ్చుకునే వీలు లేకుండా చేతులు కట్టేస్తారు. మరి గీత కింద బుద్ధిగా కూర్చున్న జట్ల సంగతి? దాటినవాళ్లు కట్టిన టాక్స్‌లోంచి వాళ్లకి వాటా పంచుతారు.

అంటే గెలవాలని ఆరాటపడ్డవాడికి జరిమానా, పడనివాడికి పారితోషికం. ఇంతకంటే ధర్మంగా నడిచే ఏర్పాటు ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి.

ఈ జ్ఞానం మా బావ లెన్ గ్రబోస్కీకి ఒంటబట్టినట్టు మరెవరికీ ఒంటబట్టలేదు. లెన్ మా అక్క మోరీన్ భర్త. ముప్ఫై నాలుగేళ్లు సిటీ బస్సుల గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. తన ఇన్‌కమ్ టాక్స్ కాగితాలు మా అక్క చేత రాయిస్తాడు గానీ, రివెటర్స్ కట్టాల్సిన టాక్స్ మాత్రం నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతాడు.

రివెటర్స్ స్టేడియంలో, సెక్షన్ 218లో, లెన్‌కి రెండు సీట్లున్నాయి. ఇరవై ఆరేళ్లుగా ఏటేటా డబ్బు కట్టి నిలబెట్టుకుంటున్న సీట్లు. అంత ఎత్తు నుంచి చూస్తే ఆటగాళ్లు అగ్గిపుల్లల్లా కనపడతారు. అయినా ఆ సీట్లలో కూర్చుని, పక్కన మోరీన్ ఉండగా, మా ఊరు ఒక్కసారి కప్పు గెలవడం చూడాలి. లెన్‌కి జీవితంలో ఉన్న కోరిక అదొక్కటే. మరీ చిన్నతనం కదూ?

ఆ చిన్నతనాన్ని ఎగదోసినవాడు డారియస్ పెట్టిగ్రూ. పదకొండేళ్ల కిందట జార్జియా నుంచి మా జట్టులోకి వచ్చాడు. అప్పటికి పేరూ లేదు, పెద్ద జీతమూ లేదు. మా వీధిలోనే చిన్న ఇల్లు అద్దెకి తీసుకున్నాడు. జన్మలో మంచు చూసినవాడు కాదు.

మంచు పడ్డ రోజున మా ఊళ్లో ఎవరి కారు జాగా వాళ్లు పారతో తవ్వుకుంటారు. తవ్వినచోట ఒక వంటింటి కుర్చీ పెట్టి పనికి వెళతారు. చట్టంలో ఆ కుర్చీకి ఏ విలువా లేదు. కానీ దాన్ని ముట్టుకున్నవాడు మా ఊళ్లో పుట్టలేదు. లెన్‌ది ఆకుపచ్చ రెక్సిన్ కుర్చీ. విరిగిన కాలికి నల్ల టేపు చుట్టి ఉంటుంది.

డారియస్ మొదటి చలికాలంలోనే ఆ కుర్చీని ఎత్తి పక్కన పెట్టి, తన కారు అక్కడ పెట్టుకున్నాడు. డ్యూటీ దిగి వచ్చిన లెన్ అది చూశాడు. పార తీసుకుని ఆ కారుని పైకప్పు దాకా మంచుతో కప్పేశాడు. మర్నాడు మా అక్క ఆ కుర్రవాడికి విషయం చెప్పింది. వాడు తన కారు తవ్వుకుని ఊరుకోలేదు. వీధి మొత్తం, రెండు పక్కలా, మధ్యాహ్నం దాకా తవ్వాడు. మా అక్క పిలిచి, బంగాళాదుంప కూరి ఉడికించిన పియెరోగీలు పెట్టింది. ఆ రోజు నుంచి లెన్ వాడికి బాబాయ్ అయ్యాడు.

అయితే ఏమిటట? ఈ సెంటిమెంట్లకి జీతాల పట్టికలో గడి ఉందా?

లేదని మాకు నేర్పినవాడు ట్రెవర్ లిండ్‌క్విస్ట్. వయసు ముప్ఫై నాలుగు, ఊరు శాన్ డియాగో. రెండేళ్ల కిందట మా జట్టుకి జనరల్ మేనేజర్‌గా వచ్చాడు. ఆటగాళ్లని కొనడం, అమ్మడం, మార్చడం అతని పని. అతని నోట ఎప్పుడూ ఒకటే మాట, వెసులుబాటు. మొదట్లో మాకు అర్థం కాలేదు. తర్వాత మేమూ అదే అనడం మొదలుపెట్టాం. కార్మైన్ తన షాపులో మూడు కుర్చీల్లో ఒకటి తీసేసి వెసులుబాటు అన్నాడు. మా చర్చిలో పాడేవాళ్లని పన్నెండు మంది నుంచి ఏడుగురికి కుదించి ఫాదర్ గారు కూడా అదే మాట అన్నారు. వెనక బెంచీలో ఎవరో "గీత కిందకి వచ్చామా ఫాదర్?" అని అడిగారు కూడా. మా దూరపు చుట్టాలమ్మాయి నిశ్చితార్థం రద్దు చేసుకుంటూ, ఇంత చిన్న వయసులో దీర్ఘకాలపు ఒప్పందాలు తెలివైన పని కాదంది. ఎవరూ ఆ పిల్లని తప్పుపట్టలేదు.

ఆటగాళ్లని మార్చుకోవడానికి ఆఖరి గడువు గురువారం మధ్యాహ్నం మూడింటికి. రెండింటికల్లా స్టేడియం ఎదురుగా ఉన్న బార్‌లో చేరాం. టీవీలో ఎవరూ బంతి ఆడటం లేదు. సూట్లు వేసుకున్న నలుగురు ఫోన్లు చూసుకుంటున్నారు. ఇంత ఉత్కంఠగా ఆటనెప్పుడూ చూడలేదు.

"డారియస్‌ని పంపించేస్తే నలభై ఆరు మిలియన్ల డాలర్లు మిగులుతాయి," అన్నాడు లెన్.

"ఎవరికి?" అంది మా అక్క.

"మనకే."

"మనకంటే?"

"అదే, జట్టుకి. టాక్స్ తప్పుతుంది కదా."

"అయితే మన గ్యారేజీ కప్పు కారుతోంది. అందులోంచి ఓ రెండు వేలు పట్రా."

"నీకు చెప్పినా అర్థం కాదు మోరీన్."

"మరి కప్పు సంగతి చెప్పు, అర్థమవుతుంది."

రెండూ యాభై రెండుకి వార్త వచ్చింది. డారియస్ వెళ్లిపోయాడు. బదులుగా మాకు వచ్చినవి మూడు. మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ అయిన ఒక పొడుగాయన. ఇంకెన్నో ఏళ్లకి, ఇప్పుడు బడిలో చదువుకుంటున్న ఎవరో పిల్లవాణ్ని ఎంచుకునే హక్కు. మూడోది, అన్నిటికంటే విలువైనది, ట్రేడ్ ఎక్సెప్షన్. అది మనిషి కాదు. మనిషి వెళ్లిపోయాక మిగిలిన ఖాళీ. ఆ ఖాళీకి ఒక ధర కట్టి, ఏడాదిలోగా వాడుకొమ్మని చేతికిస్తారు.

"గీత కిందకి వచ్చేశాం," అన్నాడు లెన్, బీరు గ్లాసు ఎత్తి. బార్ అంతా చప్పట్లు. నేను ఎవరినో కౌగిలించుకున్నాను. ఎవరినో ఇప్పటికీ తెలీదు.

మా అక్క ఒక్కతే కోటు వేసుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆడవాళ్లకి ఆటంటే ఏం తెలుసు చెప్పండి!

సాయంత్రం జట్టు ఒక ప్రకటన విడుదల చేసింది. "పదకొండేళ్లు మా కుటుంబంలో ఒకరిగా నిలిచినందుకు కృతజ్ఞతలు. ఈ నిర్ణయం జట్టుకు ముందు ముందు వెసులుబాటు కలిగిస్తుంది." లెన్ దాన్ని గట్టిగా చదివి, ఎంత మర్యాదగా రాశారో చూడు బామ్మర్దీ అన్నాడు.

ఆ తర్వాత తొమ్మిది ఆటలు వరసగా ఓడాం. కానీ ఎంత పొదుపుగా ఓడాం! ఒక్కో ఓటమికి ఎంత ఆదా అయిందో లెన్ న్యాప్‌కిన్ల మీద వేసి చూపించేవాడు. స్కోరెంత అని అడిగేవాణ్ని బార్‌లో అందరూ జాలిగా చూసేవారు. నెలాఖరుకి ఎవరూ అడగడం మానేశారు.

అప్పుడొచ్చింది ఉత్తరం, లెన్ పేర, స్టేడియం టికెట్ల ఆఫీసు నుంచి. నేను ఆ సమయానికి వాళ్ల వంటింట్లోనే ఉన్నాను. వచ్చే సీజన్ నుంచి సెక్షన్ 218ని లౌంజ్‌గా మారుస్తున్నారట. సీటు ధర మూడింతలట. వద్దనుకుంటే పదిహేను రోజుల్లో వదులుకోవచ్చట. లెన్ ఆఖరి రెండు వాక్యాలు గట్టిగా చదివాడు.

"ఇరవై ఆరేళ్లు మా కుటుంబంలో ఒకరిగా నిలిచినందుకు కృతజ్ఞతలు. ఈ నిర్ణయం జట్టుకు ముందు ముందు వెసులుబాటు కలిగిస్తుంది."

"వాళ్లవైపు నుంచి చూస్తే సబబే," అన్నాడు అలవాటుగా. "మనం కట్టేది ఏపాటి? అదే జాగాలో లౌంజ్ పెడితే..."

"నిజమే," అంది మా అక్క గిన్నె తోముతూ. "అరవై మూడేళ్లొచ్చాయి. మోకాలూ బాగాలేదు. నీ మీద వాళ్లింకా ఎంతకాలం పెట్టుబడి పెడతారు? ఇంతకీ నీ బదులు వాళ్లకి ఏమొస్తోందట?"

లెన్ ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఖాళీ," అన్నాడు. "నేను కూర్చున్న ఖాళీ."

మా అక్క గిన్నె వదిలేసి వచ్చి పక్కన కూర్చుంది. నేను మాత్రం, పాఠకులారా, చేయి చాచి అభినందించాను. మా బావ అంతటివాడు లీగ్‌లో అడుగుపెట్టాడు కదా, డారియస్‌తో సమానంగా సాగనంపారు కదా! ఆయన నా చేతివంక చూసి, ముందు నోరు మూసుకోరా అన్నాడు.

ఆ వారాంతంలో మోకాలి లోతు మంచు పడింది. ఆదివారం మధ్యాహ్నం ఆట. వచ్చేది డారియస్ కొత్త జట్టు. సీజన్ అయ్యేదాకా సీట్లు లెన్‌వే, అయినా లోపలికి వెళ్లనన్నాడు. నా ట్రక్కులో రెండు పారలూ ఆ ఆకుపచ్చ కుర్చీ వేయించాడు. స్టేడియం టికెట్ల గేటు ఎదురుగా, రోడ్డు పక్కన, సరిగ్గా ఒక కారు పట్టేంత జాగా రెండు గంటలు తవ్వాడు. పార నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. తవ్వి, మధ్యలో కుర్చీ వేశాడు.

"మన కారు ఇక్కడ లేదు కదా బావా, జాగా ఎవరికి?"

"తవ్వినవాడిది."

మా అక్కతో సహా అందరం బార్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. ఆట రోజున ఆ రోడ్డులో జాగా దొరకడమంటే లాటరీయే. అయినా కార్లు వచ్చి, కుర్చీని చూసి, ముందుకి పోయాయి. పోలీసు కారు కూడా ఒక చుట్టు చుట్టి వెళ్లిపోయింది. టీవీ వాళ్ల వ్యాన్ మూడు వీధుల అవతల ఆగింది. గేటు కాపలావాడు గేటు ముందు పారతో మంచు ఎత్తుతూ ఎత్తుతూ, కుర్చీ దాకా వచ్చి పక్కనుంచి తిరిగిపోయాడు.

ఆటగాళ్ల బస్సు వచ్చింది. డారియస్ దిగి, కుర్చీ చూసి ఆగిపోయాడు. నల్ల టేపు గుర్తుపట్టినట్టున్నాడు. చుట్టూ వెతికాడు. లెన్ బార్ గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు.

"లెన్ బాబాయ్, ఈసారి నేను ముట్టుకోలేదు. చూశావుగా."

"చూశాన్లే. వెళ్లి ఆడుకో. మోకాలు జాగ్రత్త."

ఆట మొదలయ్యాక, ఆలస్యంగా, ఒక వెండి రంగు కారు వచ్చింది. ట్రెవర్ లిండ్‌క్విస్ట్‌ది. అతనికి స్టేడియం కింద సొంత జాగా ఉంది. కానీ అక్కడికి దిగే దారిలో మంచు ఎత్తలేదు. మంచు ఎత్తేవాళ్లలో సగంమందిని ఆ నెలలోనే తీసేశారు, వెసులుబాటు కోసం. అతను రోడ్డు పొడవునా చూశాడు. శుభ్రంగా తవ్విన జాగా, మధ్యలో ఒక కుర్చీ. ఎవరూ వాడుకోని ఖాళీ. అలాంటిది వదిలేస్తే అతను జనరల్ మేనేజర్ ఎలా అవుతాడు? దిగాడు. కుర్చీని రెండు వేళ్లతో ఎత్తి మంచుగుట్ట మీద పడేశాడు. కారు పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

బార్‌లో గ్లాసులన్నీ బల్లల మీదికి దిగాయి.

మొదట లేచింది మా అక్క. నా ట్రక్కులోంచి పార తీసి, నిండా మంచు ఎత్తి, ఆ కారు అద్దం మీద పోసింది. రెండో పార లెన్ అందుకున్నాడు. కార్మైన్ బార్ వెనక నుంచి ఇంకోటి తెచ్చాడు. పార లేనివాళ్లు బీరు ట్రేలు పట్టుకొచ్చారు. గేటు కాపలావాడు ఇటు రాలేదు గానీ తన పారని గోడకి చేరేసి, మాకు వీపు తిప్పి నిలబడ్డాడు. మూడు వారాల కిందట గీత కిందకి వచ్చామని చప్పట్లు కొట్టిన జనమే వీళ్లంతా. చక్రాలు మునిగాయి, తలుపులు మునిగాయి, వెండి రంగు ఎక్కడా కనపడలేదు. లెన్ ఆకుపచ్చ కుర్చీని తెచ్చి ఆ గుట్ట మీద నిలబెట్టాడు.

లోపలి నుంచి పెద్ద హోరు వినిపించింది. మా ఊరి జనం అవతలి జట్టు ఆటగాడి కోసం, డారియస్ పేరు పెట్టి అరుస్తున్నారు.

"స్కోరెంత?" అన్నాడు లెన్ రొప్పుతూ.

అందరం అతని వంక చూశాం. కార్మైన్ రేడియో తేవడానికి లోపలికి పరిగెత్తాడు.

లగ్జరీ టాక్స్ మా ఊరికి చేసిన మేలు గురించి నేను పైన రాసినదాంట్లో ఒక్క ముక్కా వెనక్కి తీసుకోను. కావలసినవాళ్లు అంకెలు సరిచూసుకోవచ్చు. ఆ కారు మీద నేనూ మంచు పోశాను. ఎన్ని పారలు పోశావని అడిగితే మాత్రం చెప్పలేను. ఈ సీజన్ మొత్తంలో నేను లెక్కపెట్టనిది అదొక్కటే.