చెదలు తిన్న పుట్టుక

జనన ధ్రువపత్రం పోగొట్టుకోవడం పూర్వజన్మ సుకృతం! నవ్వకండి. నాగాయలంక దిగువన, సముద్రం ఒడ్డున వల లాగే వెంకటపతిని అడిగి చూడండి.

యాభై రెండేళ్లు నిండాక అతని కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవనంది. యాభై దాటిన మత్స్యకారుడికి పింఛను ఇస్తారుగా అని సచివాలయానికి వెళ్తే, గుర్తింపు కార్డులో నలభై మూడే ఉందన్నారు. తొమ్మిదేళ్లు కుర్రాణ్ణి చేసేశారు! ఏ బ్యూటీ పార్లర్ చేస్తుందండీ ఈ పని?

వయసు దిద్దాలంటే జనన ధ్రువపత్రం కావాలట. అది ట్రంకు పెట్టెలో చెదలకి ఎప్పుడో పలహారమైపోయింది.

అక్కణ్ణుంచి పట్టింది అదృష్టం. సముద్రం తప్ప మరోటి ఎరగనివాడు అవనిగడ్డ చూశాడు, బందరు చూశాడు. పాత రిజిస్టర్లలో నీ పేరు లేదని ఒక కాగితం ఇచ్చారు. ఉందనడానికి దొరకని కాగితం, లేదనడానికి నాలుగు రోజుల్లో దొరికింది! ఆపైన నోటరీ, అఫిడవిట్, ఫొటోలు, జిరాక్సులు. ఏడు నెలల్లో పదకొండుసార్లు బస్సెక్కాడు. "ఏం మావయ్యా, ఇంకా పుట్టలేదా?" అని కండక్టర్లే పలకరించేవారు. ఇంట్లో కూర్చుంటే ఇంత బలగం వస్తుందా?

పన్నెండోసారి సాక్ష్యానికి తల్లి కనకరత్నాన్ని వెంటబెట్టుకెళ్లాడు. బందరులో జనన ధ్రువపత్రాలిచ్చే ఆఫీసు గుమాస్తా భాస్కరరావు గారు మర్యాదస్తుడు. ఆవిడకి కుర్చీ వేయించి మరీ అడిగాడు.

"ఈయన పుట్టినప్పుడు మీరు అక్కడ ఉన్నారా అమ్మా?"

"నేను లేకుండా వీడెలా పుడతాడు బాబూ?"

"నిజమేననుకోండి. కానీ మీ కార్డులో మీకు అరవై. ఈయనకి యాభై రెండంటే, ఎనిమిదో ఏట కన్నట్టు అవుతుంది."

వెంకటపతి తల వంచుకున్నాడు. కన్నతల్లి సాక్ష్యమే చెల్లకపోతే ఇంకెవర్ని తేవాలి?

"వీణ్ణి కన్నది నేను బాబూ, కార్డు కాదు" అంది కనకరత్నం.

భాస్కరరావు గారు పెన్ను కింద పెట్టి కొడుకు వైపు తిరిగాడు.

"ఎప్పుడైనా బడికి వెళ్లావా వెంకటపతీ?"

"మూడు రోజులండీ. నాలుగోనాడు మా నాన్న పడవెక్కించేశాడు."

ఆ మూడు రోజుల చదువే గట్టెక్కించింది! ఊరి బడి పాత అడ్మిషన్ రిజిస్టర్లో పేరు దొరికింది. సంవత్సరం సరిగ్గానే ఉంది. తేదీ మాత్రం జూలై ఒకటి. మరో నెలకి తల్లీకొడుకులు మళ్లీ బందరు ఆఫీసుకి వెళ్తే, స్టాంపుతో సహా ధ్రువపత్రం చేతికొచ్చింది.

అది చదివించుకుని కనకరత్నం భగ్గుమంది. "జూలై ఏంటి? వీడు పుట్టింది కార్తీక పున్నమినాడు!"

"ఊరుకోండమ్మా" అన్నాడు భాస్కరరావు గారు గొంతు తగ్గించి. "ఆ రోజుల్లో మాస్టార్లు అందరికీ అదే తేదీ వేసేవారు. మా నాన్నగారూ మాస్టారే. నేను పుట్టింది మాఘమాసంలో. ఉద్యోగమంతా జూలై ఒకటితోనే వెళ్లిపోయింది."

చూశారా! దగ్గరుండి కన్న తల్లి మాట చెల్లలేదు. కంటితో చూడని మాస్టారి రాత చెల్లింది. అయినా పింఛనుకి అడ్డు తొలగింది కదా అని వెంకటపతి ఆ కాగితాన్ని కళ్లకద్దుకుని, మడత పడకుండా జేబులో పెట్టుకున్నాడు.

కనకరత్నం మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"అయితే బాబూ, ఆ పున్నమినాడు నొప్పులు పడి నేను కన్నది ఎవర్ని?"