మక్క బెండ్ల కర్మాగారానికి దిష్టి తీసిన వైనం

ఇబ్రహీంపట్నం శివారులో మక్క బెండ్ల నుంచి నూనె తీసే కర్మాగారం దిగ్విజయంగా నడుస్తున్నదని ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మందులకూ రంగులకూ పనికొచ్చే అమూల్యమైన నూనె అది. ప్రస్తుతం అందులో నూనె రావడం లేదు. అది వేరే సంగతి.

కర్మాగారాన్ని నిలబెట్టింది మీర్‌పేట్ వసంతలక్ష్మి. వాళ్లవాళ్లు ఎప్పుడో గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆమె రసాయనశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకుంది. మొక్కజొన్న గింజలు ఒలిచాక మనం పొయ్యిలో పెట్టే బెండ్లను పొడి చేయించి, నీళ్లు కలిపి, పెద్ద ఇనుప గొట్టంలో ఉడికిస్తుంది. గొట్టం నిండా సగ్గుబియ్యంలాంటి తెల్లని గుళికలు. వాటి పేరు ఘన ఆమ్లం. ఆమ్లమంటే సీసాలో పొగలు కక్కుతూ, చొక్కా మీద పడితే చిల్లు పెట్టేదని మాత్రమే మనకు తెలుసు. ఇది అలా కాదు, మహా మర్యాదస్తురాలు. కదలకుండా కూర్చుని బెండును నూనెగా మారుస్తుంది, తాను మాత్రం వీసమెత్తు తరగదు.

ఈ మాట విని ఊరి పెద్దమనిషి అమరేందర్ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. రెండు వర్గాల మధ్య దూరి, పని జరిపించి, చెక్కుచెదరకుండా బయటికి రావడం ఆయన ఏళ్ల తరబడి చేస్తున్నదే. ఆయన చలవ వల్ల కొంగరకలాన్ దాకా పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. ఆయన తరగలేదు సరికదా, నడుము దగ్గర కాస్త పెరిగాడు కూడా.

కర్మాగారం ఉన్న ఊరుమ్మడి షెడ్డును ఫంక్షన్ హాలు చేయాలని ఆయన కోరిక. ఊళ్లో పెళ్లిళ్ల కంటే హాళ్లు తక్కువైపోయాయని ఆయనకు దిగులు. అందుచేత, ప్రారంభోత్సవానికి పట్నం నుంచి వచ్చే పెద్దాయన ఎదుట నూనె కారితే షెడ్డు వసంతలక్ష్మిది, కారకపోతే అమరేందర్‌ది అని ముందే తీర్మానమైంది.

సభకు ముందు రోజు నడిపి చూస్తే నూనె ధారగా కారింది. బాదం వాసన యాచారం దాకా కొట్టింది. బస్సులో కునుకు తీస్తున్న పెళ్లివారు పాయసం వడ్డిస్తున్నారనుకుని లేచి విస్తళ్లు వెతుక్కున్నారు. ఆ సాయంత్రం గేదెలు బాదంపాలే ఇచ్చాయని కొందరంటారు. నేను తాగలేదు గనుక పూచీ పడను.

కర్మాగారానికి బెండ్లు తోలే హాషం ఆనందం పట్టలేక వసంతలక్ష్మి దగ్గరికొచ్చాడు. "బిడ్డా, గింత మంచిగ నడుస్తుంటె ఊరోళ్ల కండ్లన్ని దీనిమీదనే ఉంటయ్. జర దిష్టి తియ్యాలె."

"ముందుగాల నీ కండ్లకే తియ్యాలె," అన్నది ఆయన భార్య జైతున్ బీ. "పొద్దున్నుంచి నోరు తెరుచుకోని చూస్తున్నవ్. నన్నెన్నడన్న గట్ల చూసినవా?"

"నువ్వెన్నడన్న నూనె కార్చినవా?"

"పొయ్యి కాడ చెమట కార్చిన. గది కనవడలే నీకు!"

డాక్టరేటు ఉన్నవారు నవ్వి ఊరుకోవలసిన చోటు ఇదే. కానీ సరిగ్గా అప్పుడే అమరేందర్ షెడ్డు పొడవును అడుగులతో కొలుస్తూ, పెళ్లిపీటలు ఎక్కడ వేయాలో మనుషులకు చూపిస్తున్నాడు. అది వసంతలక్ష్మి కంటపడింది.

"తీయించేద్దామండీ," అంది. "పోయేదేముంది?"

దిష్టి తీయడంలో నర్సమ్మను మించినవారు మండలంలో లేరు. పసుపూ సున్నమూ నీళ్లలో కలిపి, ఆ ఎర్రనీళ్లను ముఖం చుట్టూ తిప్పి, ఎవరూ తొక్కని చోట పారబోయాలి. మనిషికైతే పళ్లెం చాలు. ఇంత యంత్రానికి? సభ కోసం గోడలకు వేయగా మిగిలిన సున్నం బస్తా ఉండనే ఉంది. డ్రమ్ములో కలిపారు. యంత్రానికి ముఖం ఎక్కడని చర్చ లేచింది. ప్రెషరు చూపించే ముల్లు ఉన్నదే ముఖమని ఒక వర్గం, బెండ్లు తినే తొట్టి నోరు గనుక దాని చుట్టూ ఉన్నదే ముఖమని మరొక వర్గం. నోరున్న పక్షమే గెలిచింది. ప్రజాస్వామ్యంలో ఇది మామూలే.

ఇక పారబోసే చోటు.

"గేటు కాడ పోస్తె పెద్దసారు కాలు వడ్తది," అన్నది నర్సమ్మ. "గోడ కాడ పోస్తె కుర్చీలేస్తరు. గా తొట్టిల ఎవడన్న కాలు వెడ్తడా?"

"ఎవడు వెట్టడు," అన్నాడు హాషం.

అంతే, డ్రమ్ము తొట్టిలో బోర్లించారు. వసంతలక్ష్మి భక్తిగా చేతులు జోడించింది. సున్నం తగిలితే ఆమ్లం చస్తుందని బడిపిల్లల పుస్తకంలోనే ఉంది. ఆ పుస్తకంలో ఆమెకు నూటికి నూరు. అయితే చదువుకున్న తలలో గదులు వేరువేరుగా ఉంటాయి, మధ్య తలుపులు ఉండవు. ఎర్రనీళ్లు గుళికల్లోకి దిగాయి. ఆమ్లం చప్పుడు చేయకుండా కన్నుమూసింది.

మర్నాడు పెద్దాయన కొళాయి తిప్పాడు. ఉడికిన బెండ్ల నీళ్లు కారాయి. వసంతలక్ష్మికి అప్పుడు తట్టింది. "సార్, పొరపాటైపోయింది! సున్నం పడి ఆమ్లం చచ్చిపోయింది. రెండు రోజులు గడువిస్తే గుళికలు మార్చి..."

పెద్దాయన ఆమెను చేత్తో వారించి, పట్నంలోనే రాయించుకొచ్చిన ప్రసంగం విప్పాడు. "సోదర సోదరీమణులారా! ఈ అద్భుత తైలం చూసి నా జన్మ ధన్యమైంది! ఈ బాదం పరిమళం నన్ను పులకింపజేస్తున్నది! పీల్చండి!"

సభ యావత్తూ పీల్చింది, పులకించింది. తనకొక్కడికే వాసన రాకపోతే బాగుండదని అమరేందర్ అందరికంటే గట్టిగా పీల్చాడు. షెడ్డు వసంతలక్ష్మికి దక్కింది.

ఆ నీళ్లను జనం సీసాల్లో పట్టుకుపోయారు. జైతున్ బీ మోకాళ్లకు రాసుకుని మెట్లెక్కింది. ఒకాయన బట్టతలకు పట్టించి దువ్వెన కొన్నాడు. ఇంకొకాయన ప్లాటులో చల్లితే పక్కనుంచి రోడ్డు వస్తుందన్న వార్త మొలిచింది.

వసంతలక్ష్మికి మాత్రం మనసొప్పలేదు. ఎవరికీ చెప్పకుండా గుళికలు మార్చింది. మళ్లీ అసలైన నూనె కారింది, మళ్లీ బాదం వాసన లేచింది. గంటలో గేటు దగ్గర ఊరంతా పోగైంది.

"నీళ్లకు గీ కంపేంది బిడ్డా?" అన్నది జైతున్ బీ. "మంచిగున్న మిషన్‌ను ఖరాబు చేసినవ్!"

"అది నూనె, జైతున్ బీ గారూ! ఈ ఫ్యాక్టరీ పెట్టిందే దానికోసం!"

"గదెవ్వరికి గావాలె?"

"మల్ల దిష్టి తగిలింది," అని తేల్చాడు హాషం.

అమరేందర్ మెల్లగా ముందుకొచ్చాడు. "చూడు మేడం. నీళ్లొస్తె షెడ్డు నీది. నూనె వస్తె పబ్లిక్ ఊకోరు, నాకు హాలు కట్టక తప్పదు. ఇగ నీ ఇష్టం."

వసంతలక్ష్మి యంత్రాన్ని చూసింది. జనాన్ని చూసింది. తర్వాత సున్నం బస్తా తెమ్మంది. నర్సమ్మలా కళ్లతో కొలవలేదు. నీళ్లెన్ని, సున్నమెంత, పసుపెంత అన్నీ తూకం వేసి, శాస్త్రీయంగా కలిపి, స్వహస్తాలతో తొట్టిలో పోసింది. జనం ఈలలు వేశారు. ఆ నెలలోనే ఆమెకు ఉత్తమ శాస్త్రవేత్తగా శాలువా కప్పారు.

ప్రస్తుతం సీసాల వరుస సాగర్ రోడ్డు దాకా ఉంది. డాక్టర్లున్నారు, లెక్చరర్లున్నారు, ఇంజినీర్లున్నారు. వారిలో ఈ నీళ్లను నమ్మేవారు ఒక్కరూ లేరని విచారణలో తేలింది. ఇంట్లోవాళ్లు పోరు పెడితే వచ్చారట. ఆ ఇంట్లోవాళ్లు కూడా వరుసలోనే ఉన్నారు. వారూ అదే చెప్పారు. మీ విషయం అడగం, మర్యాద కాదు. నవ్వడం అయిపోతే కాస్త ముందుకు జరగండి, మీ వెనకాలవాళ్లు తోస్తున్నారు.