మసీనా మట్టిలో పుట్టిన మల్లయోధులు

మసీనా పేటకు ఇకపై కుస్తీ వీరులను బయటి నుంచి తెచ్చుకునే ఖర్మ పట్టదనీ, ఇక్కడే, ఈ మట్టిలోనే తయారుచేస్తామనీ పార్లమెంటు గౌరవ సభ్యులు బొలుంబు గారు కిన్షాసా పత్రికల వాళ్ళ ముందు సభ పెట్టి ప్రకటించారు. బొలుంబు గారు మాట మార్చే మనిషి కాదు. నిరుడు పార్టీ మారినప్పుడు కూడా పాత పార్టీలో చెప్పిన మాటలే కొత్త పార్టీలో చెప్పారు.

ఎన్నికలు దగ్గరపడ్డాయి కాబట్టి ఆయన సొంతంగా కుస్తీ కంపెనీ పెట్టారు. ఆ సభలోనే మా అన్నయ్య లొక్వాను వేదిక మీదికి పిలిచి, చెయ్యి పైకెత్తి పట్టుకుని, "ఈ కుర్రాణ్ణి స్టార్‌ని చేస్తాను" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మా కుస్తీలో ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. గెలిచేవాడికి ఒక పేరు, ఒక ముసుగు ఇస్తారు. ఆట అయ్యాక బ్యాండు మేళం అతని వెనకే ఇంటిదాకా నడుస్తుంది. ఓడేవాడు తన సంచీ తనే మోసుకుని వెళ్ళిపోతాడు. ఒక్కసారైనా ఆ మేళాన్ని మా సందులోకి తీసుకురావాలని అన్నయ్య కోరిక. అమ్మ ఆ సాయంత్రమే వాకిలి ఊడ్చి ఉంచింది.

స్టార్‌ని తయారుచేయడానికి మూడేళ్ళు పడుతుందని శిక్షకుడు ఎబెంగో గారు చెప్పారు.

"ఎన్నికలు మూడేళ్ళు ఆపమంటావా?" అని బొలుంబు గారు అడిగారు.

"ఆపడం మనకు కొత్తా సార్?" అన్నారు ఎబెంగో గారు.

మర్నాటి నుంచి మాకు శిక్షకుడు లేరు.

పక్కనున్న మతేతే పేటలో మఫూటా పెద్దమ్మకు కూడా ఒక కంపెనీ ఉంది. పెరట్లో ఒకవైపు కర్రపెండలం ఎండబెట్టుకుంటూ, ఇంకోవైపు కుర్రాళ్ళకు పడటం, లేవడం నేర్పుతుంది. బొలుంబు గారు దూరదృష్టితో ఆమె దగ్గరున్న ఇనుప మొసలి అనే మల్లయోధుణ్ణి తెచ్చేశారు.

"మొసలి గారు ఎన్నో ఏళ్ళుగా మతేతే ఛాంపియన్ కదండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"అక్కడ పెరిగారంతే. పుట్టింది ఇక్కడ, ఈ పొద్దునే," అన్నారు బొలుంబు గారు.

తర్వాత మృత్యువుకు మేనమామ అనే ఆయన కూడా మతేతే నుంచి వచ్చి ఇక్కడ పుట్టాడు. తమ వీరులు ఎప్పటికీ ఓడిపోరనీ, ఆ మాట ఇద్దరికీ సంతకం పెట్టి ఇచ్చామనీ బొలుంబు గారు గర్వంగా చెప్పారు. అన్నయ్యకు రింగు బల్లలు మోసే పని ఇచ్చారు. స్టార్ కావడానికి అదే మొదటి మెట్టట. మొసలి ముసుగు ఉతకడం రెండోది.

ఆదివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ మైదానంలో మొసలికీ మేనమామకూ పోటీ పెట్టారు. నేను రింగు పక్కనే కూర్చున్నాను కాబట్టి వాళ్ళ మాటలు వినపడ్డాయి.

"పడు," అన్నాడు మొసలి.

"నువ్వే పడు. నాకు సంతకం ఉంది."

"నాకూ ఉంది."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మెల్లగా తిరగసాగారు. మేళంవాళ్ళు తమకు వచ్చిన పాటలన్నీ వాయించేసి మళ్ళీ మొదటికి వచ్చారు. వాళ్ళిద్దరికీ పెళ్ళి చేసి పంపించేయమని వెనక నుంచి ఎవరో సలహా ఇచ్చారు. చివరికి బొలుంబు గారు లేచి ఇద్దరూ గెలిచినట్టు ప్రకటించారు. అయితే ఓడిందెవరో చూపించమని జనం పట్టుబట్టారు. ఆయన చుట్టూ చూశారు. నీళ్ళ బకెట్టుతో అన్నయ్య కనిపించాడు.

"లొక్వా, నీ టైమొచ్చింది. ఎక్కు," అన్నారు.

మొసలి వేలితో తోస్తే అన్నయ్య గాలిలో పల్టీ కొట్టి పడ్డాడు. మేనమామ దగ్గితే తాళ్ళ మీదుగా ఎగిరి బయటపడి, పాక్కుంటూ తిరిగొచ్చి మళ్ళీ పడ్డాడు. అన్నయ్య పడేకొద్దీ వాళ్ళిద్దరూ నిజంగానే వీరుల్లా కనిపించారు. జనం లేచి నిలబడ్డారు. ఆట అయ్యాక అన్నయ్య సంచీ తీసుకుని బయల్దేరితే మేళం మొసలినీ మేనమామనూ వదిలేసి అతని వెనకే మా సందులోకి వచ్చింది.

మర్నాడు మఫూటా పెద్దమ్మ మోటారు సైకిలు టాక్సీ మీద మా ఇంటికి వచ్చింది.

"ఇంత బాగా పడేవాడికి గెలవడం నేర్పడం ఎంతసేపు? నాతో పంపమ్మా," అంది. అమ్మ పంపింది.

మతేతేలో అన్నయ్యకు వెండి రంగు ముసుగు, కూలని గోడ అనే పేరు ఇచ్చారు. గెలిచాడు. మళ్ళీ గెలిచాడు. ఎన్నికల ముందు వారం బొలుంబు గారు భారీ ధరకు కూలని గోడను తెచ్చి విలేకరుల ముందు కూర్చోబెట్టారు. జనంలో ముసుగు తీయకూడదని ఒప్పందం.

మొదట్లో ఆయన స్టార్‌ని చేస్తానన్న కుర్రాడు ఏమయ్యాడని ఒక విలేకరి అడిగాడు.

"ఎంతో శ్రమపడ్డాం. సరుకు లేదు పాపం," అన్నారు బొలుంబు గారు, కూలని గోడ భుజం తడుతూ. "గోడ గారికి మన పేట కొత్త. ఎవరైనా దగ్గరుండి చూపించండమ్మా."

దగ్గర్లో నేనే ఉన్నాను. ఇది కుళాయి, ఇది మా సందు, ఇది మా ఇల్లు అని చూపించాను. అన్నయ్య ప్రతిదానికీ శ్రద్ధగా తల ఊపాడు. వెనక విలేకరులు రాసుకుంటున్నారు. అమ్మ గుమ్మంలోకి వచ్చి, కుర్చీ తుడిచి వేసింది.

"కూర్చోండి బాబూ. మీ అమ్మగారు బాగున్నారా?"

"బాగున్నారండీ," అన్నాడు అన్నయ్య.