ఆరు కొక్కేలు, ఒక కాకి

ఆ సోమవారం పొద్దున ఎల్లేశం వేసుకున్న పథకం చిన్నది. తొమ్మిదింటికి కోరుట్లలో ఆనంద్ వెల్డింగ్ షాపు, పన్నెండుకల్లా పని ముగింపు, రెండింటికి సారయ్య నాలుగెకరాల పసుపు చేను. కథలాపూర్ దగ్గరి ఆ ఊళ్లో చిన్న ట్రాక్టర్ అతనిదొక్కటే. పసుపు సాళ్ల మధ్య కలుపు తీసే గుంటుక తోలడానికి ఏడాదిలో దొరికేవి ఇరవై రోజులు. తర్వాత ఆకులు కమ్ముకుంటాయి, బండి షెడ్డులో నిలబడుతుంది. అందుకే ఆ ఇరవై రోజుల్లో ఏ గంట ఎక్కడ కారిపోతోందో ఎల్లేశం వెతికి పట్టుకున్నాడు.

ఆకులూ చెత్తా వచ్చి రేడియేటర్‌కు అడ్డం పడితే దిగి తీయడం ఒక నష్టం. దానికి బండి ముందు ఇనుప గార్డు, గార్డుకు సన్న తీగల జాలి. డీజిల్ డబ్బా మరిచిపోయో, గొలుసు మరిచిపోయో ఇంటికి తిరగడం రెండో నష్టం. దానికి పక్కకు మూడు చొప్పున ఆరు కొక్కేలు. మూడో నష్టం పేరు హన్మండ్లు. వాగు అవతల అతనికి పది గుంటల పసుపు ఉంది, అంటే పావెకరం. పోవడానికి ఇరవై నిమిషాలు, రావడానికి ఇరవై నిమిషాలు, తోలేది అరగంట. అంతసేపట్లో పెద్ద చేనులో ఎకరం పూర్తవుతుంది. ఈ నష్టానికి వెల్డింగ్ అక్కరలేదు, 'రేపు' అనే మాట చాలు. అయిదు రోజులుగా ఎల్లేశం అదే వాడుతున్నాడు.

ఆ పొద్దున కూడా ముసలాయన గేటు దగ్గరే ఉన్నాడు.

"రేపు పొద్దుగాల్నే అస్త కాకా."

హన్మండ్లు కోప్పడలేదు. చేతికర్ర మీద గడ్డం ఆనించి ట్రాక్టర్‌ను తీరిగ్గా చూశాడు. "తొందరేం లేదు తీ. నువ్వు అచ్చేదాక నేను ఏడికి పోత" అన్నాడు.

మరునాడు తెల్లారేసరికి పోయాడు.

ఎల్లేశం శవం దగ్గరికి వెళ్లి దండం పెట్టి, అరగంటలో చేనుకు చేరుకున్నాడు. సారయ్య సాళ్లలో బండి దిగగానే కాకులు వచ్చాయి. ఆరు కొక్కేల మీద ఆరు కాకులు. ఎల్లేశం బండి ఆపి కారణం కనిపెట్టాడు. ఆకులు రాసుకుంటూ పోతుంటే మిడతలు లేచి జాలికి కొట్టుకుంటున్నాయి, కాకులు వాటిని ఏరుకుంటున్నాయి. జాలి దానంతటదే శుభ్రమవుతోంది. కూలి అడగని ఆరుగురు పనివాళ్లు దొరికారని సంతోషించాడు.

ఒక్కటి మాత్రం లెక్కకు కుదరలేదు. ఎడమ పక్క ముందు కొక్కెం మీది కాకి మిడతలను ముట్టడం లేదు. అరవడం లేదు. బండి కుదుపుకు మిగతావి లేచి మళ్లీ వాలుతున్నాయి, అది కదలడం లేదు. వెనక్కి తిరిగి కూర్చుని ఎల్లేశం మొహంలోకి చూస్తోంది. అయిదు తింటున్నాయి కదా, అది చాలని అతను ఆ ఆరో దాన్ని లెక్కలోంచి తీసేశాడు.

శనివారం హన్మండ్లుకు పిట్టకు పెట్టారు. వాగు ఒడ్డున విస్తరాకులో అన్నం, కోడికూర, పక్కన కల్లు. చనిపోయినవాళ్ల కోరిక ఏదైనా మిగిలిపోతే కాకి మెతుకు ముట్టదని అందరికీ తెలుసు. తొమ్మిదింటికి పెడితే పన్నెండైనా ఆకాశంలో ఒక్క రెక్క లేదు. కొడుకు వేణు ఒక్కో మొక్కూ మొక్కుతున్నాడు. అమ్మను సరిగ్గా చూసుకుంటానన్నాడు, తాగుడు మానేస్తానన్నాడు. ఆ మాటను కాకే కాదు, చుట్టాలు కూడా నమ్మలేదు.

సరిగ్గా అప్పుడే ఎల్లేశం ఆ దారిన వచ్చాడు. మర్యాద కోసం ఇంజన్ ఆపాడు. అతను చేసిన పొరపాటు అదే. ఆ నిశ్శబ్దంలో ముందు కొక్కెం మీది కాకి లేచి, విస్తరాకు దగ్గర వాలి, అన్నాన్ని చూసింది. ముట్టలేదు. మళ్లీ వచ్చి అదే కొక్కెం మీద కూర్చుంది. నలభై మంది తలలు దానితోపాటే తిరిగి ఎల్లేశం మీద ఆగాయి.

హన్మండ్లు భార్య లక్ష్మవ్వ మెల్లగా లేచి బండి దగ్గరికి వచ్చింది. కాకినీ, అతన్నీ మార్చి మార్చి చూసింది.

"గాయన ముంగటనే చెప్పు ఎల్లేశం. మా పసుపుల గుంటుక ఎప్పుడు తోల్తవు?"

ఎల్లేశం నోటికి ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు అలవాటు. "రేపు చిన్నమ్మా" అన్నాడు.

కాకి మొదటిసారి అరిచింది. ఒక్కసారే.

గంటలో ఊరంతా తెలిసిపోయింది. ఆ గార్డూ ఆ కొక్కేలూ హన్మండ్లు కూర్చోవడానికే తయారయ్యాయని కొందరు, పోయేముందు రోజు ఆయనే దగ్గరుండి చేయించాడని మరికొందరు తేల్చారు. తడి ఆరలేదని ఆపిన రెండెకరాలు తోలుదామని వెళ్తే సారయ్య గట్టు మీదే అడ్డం నిలబడ్డాడు.

"పోయినోన్ని ఎక్కించుకొని నా చేనుల తిప్పుతవా? ఆయన నా దాంట్లనే దిగితే ఎట్ల?"

ఎల్లేశం మిడతల సంగతి వివరించాడు. సారయ్య శ్రద్ధగా విని, ఆ ముందుది మిడతలు తింటుందా అని అడిగాడు. ఎల్లేశం బండి వెనక్కి తిప్పాడు.

సాయంత్రానికి తొమ్మిది మంది ఫోన్ చేసి వద్దన్నారు. ఆదివారం గంభీరావుపేట నుంచి వేరే ట్రాక్టర్ ఊళ్లోకి దిగింది. ఇరవై రోజుల్లో ఇంకా తొమ్మిది ఉన్నాయి, తొమ్మిదీ పరాయివాడి పాలవుతున్నాయి. కొండగట్టుకు తీసుకెళ్లి బండికి పూజ చేయిద్దామని భార్య కల్పన అంది. ఒక రోజు దండగన్నాడు ఎల్లేశం.

"ఊకె నిలవడ్డ బండికి దండగ ఏముంటదయ్యా?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

కాకులు వచ్చేది మిడతల కోసమేనని ఊరికి చూపించాలంటే ఒక్కటే మార్గం. సోమవారం మళ్లీ ఆనంద్ దగ్గరికి వెళ్లి, వారం కిందట అతికించినవన్నీ కోసేయమన్నాడు. కోరుట్ల దాకా బండితోనే వచ్చిన అయిదు కాకులు జాలి ఊడగానే లేచిపోయాయి. ఎల్లేశం గెలిచినట్టు చూశాడు. ఆరోది కదల్లేదు. ఆనంద్ కటింగ్ మిషన్‌తో కొక్కేలు కోస్తుంటే నిప్పురవ్వలు దాని రెక్కల దాకా లేచాయి, కదల్లేదు. అది కూర్చున్న కొక్కెం తెగి కింద పడ్డాక, నింపాదిగా ఎగిరి బానెట్ మీద కూర్చుంది, ఇటే తిరిగి.

ఆనంద్ మిషన్ ఆపేశాడు. వాళ్లది చర్చికి పోయే ఇల్లు, పిట్టకు పెట్టే ఆచారం లేదు. అయినా రెండడుగులు వెనక్కి వేశాడు.

"అన్నా, జాలి పాయె, హుక్కులు పాయె. ఇగ గిది దేనికి కూసున్నది?"

ఎల్లేశం బండి ఎక్కాడు. కోరుట్ల నుంచి వాగు దాకా బానెట్ మీద ఆ కాకి, దాని ఎదురుగా అతను. దారిలో ఎవరూ చెయ్యెత్తి పలకరించలేదు.

మబ్బు పట్టిన ఆ మధ్యాహ్నం లక్ష్మవ్వ పది గుంటల గట్టు మీద కూర్చుని ఉంది, వస్తాడని తెలిసినట్టే. పక్కన విస్తరాకులో అన్నం ఉంది. ఎల్లేశం గుంటుక దించి మొదటి సాలు పట్టాడు. చివరి సాలు తిప్పేటప్పుడు బానెట్ ఖాళీగా కనిపించింది. గట్టు వైపు చూస్తే కాకి విస్తరాకులో మెతుకులు తింటోంది. తిని, ముక్కు మట్టికి తుడుచుకుని, వాగు మీదుగా వెళ్లిపోయింది. పన్నెండు రోజులు వాయిదా వేసిన పనికి పట్టింది ఇరవై ఆరు నిమిషాలు.

"ఇగ పోయిండు" అంది లక్ష్మవ్వ. చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఎల్లేశం గుంటుక పైకెత్తి బండిని దారికి మళ్లించాడు.

కాకి ముట్టిందని తెలిసి ఊరు తేలిక పడింది. గంభీరావుపేట బండి వెనక్కి పోయింది, ఎల్లేశం ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఎకరాల ప్రకారం వరస పెట్టుకుని, సారయ్యను మొదట రాసుకున్నాడు. కానీ మంగళవారం తెల్లవారకముందే పోశవ్వ గేటు ముందు కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ల మనిషి, అయిదు గుంటల చేను.

"మొన్నటి సంది గుండెల గుబులుగున్నది కొడుకా. నువ్వు ఇయ్యాల అస్తవో రేపు అస్తవో చెప్పు. దాన్ని బట్టి నేను సూస్కుంట."

ఎల్లేశం చాయ్ కూడా తాగకుండా బండి తీశాడు. ఆ కబురు చేను నుంచి చేనుకు పాకింది. బుధవారానికి గేటు ముందు ఏడుగురు ముసలివాళ్లు, అందరివీ గుంటల్లో ఉన్న చేన్లే, అందరికీ ఆయాసమే. వాళ్లందరి తర్వాత వరస వచ్చేలోగా నాలుగెకరాల సారయ్య కూడా ఫోనులో దగ్గడం మొదలుపెట్టాడు.

కథలాపూర్ మండలంలో చెప్పిన రోజున చేనుకు వచ్చే ట్రాక్టర్ ఇప్పటికి అదొక్కటే.