ఎదిగిన కంపెనీ, ఆగని బస్సు

పెద్ద కంపెనీలు చిన్న కంపెనీలను మింగేస్తున్నాయని గగ్గోలు పెట్టేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. రైలూ బస్సూ ఒకే గొడుగు కిందికి రావడం కంటే ప్రయాణికుడికి అదృష్టం ఇంకేముంటుంది?

నమ్మకపోతే మా స్టేషన్ బయట ఆగే బస్సు సంగతి వినండి.

ఒకప్పుడు రైలు ఒకరిది, బస్సు ఇంకొకరిది. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. బస్సుల యజమాని దగ్గర ఉన్నవి మూడే బస్సులు. రైలు ఎంత ఆలస్యంగా వచ్చినా ఆయన బస్సు కదిలేది కాదు. డ్రైవర్ స్టేషన్ గుమ్మంలో కాపు కాసి, దిగినవాళ్ళ సంచులు తనే అందుకుని, చంటిపిల్లలను ఎత్తుకుని మరీ బస్సెక్కించేవాడు. ఎంత చిన్నతనం! ప్రయాణికుడు బస్సు కోసం పడిగాపులు పడాలి గాని, బస్సు ప్రయాణికుడి కోసం పడటమేమిటి?

అదృష్టవశాత్తూ రైలు కంపెనీ ఆ బస్సులను కొనేసింది. దాన్ని అంతకంటే పెద్ద కంపెనీ కొంది. ఆ పెద్దదాన్ని ఒక ఫండ్ కొంది. ఆ ఫండ్‌లో సగం వాటా సముద్రం అవతల ఎవరిదోనట. చేయి మారినప్పుడల్లా బస్సుకు కొత్త రంగు వేశారు. ఇంజన్ అదే, డ్రైవర్ అతనే, కిటికీ పక్క సీటులోంచి పొడుచుకొచ్చే స్ప్రింగూ అదే. కాకపోతే రంగు మీద రంగు పడి బస్సు కాస్త ఒళ్ళు చేసింది. కళ్ళెదుటే ఇంత కనబడుతుంటే కంపెనీ ఎదగలేదని ఎలా అంటాం?

పైగా ఇప్పుడు రెండింటికీ కలిపి ఒకే టికెట్! వెనకటి రోజుల్లో రైలు దిగి బస్సు తప్పిపోవాలంటే రెండు టికెట్లు కొనాల్సొచ్చేది. ఇప్పుడు ఒక్కటి చాలు.

మా అక్క రోజూ ఆ ఒక్క టికెట్టే కొంటుంది. పెళ్ళయి నాలుగు స్టేషన్ల అవతల ఉంటోంది. పొద్దున్నే రైల్లో వచ్చి, ఇక్కడ ఈ బస్సెక్కి, పెద్దాసుపత్రి లాండ్రీలో పనికి వెళ్తుంది. నేనూ ఆఫీసుకు అదే బస్సులో వెళ్తాను. లాండ్రీలో అక్క అప్పటికి ఎన్నో ఏళ్ళుగా టెంపరరీ. పోయిన నెలాఖరుకు కొందరిని పర్మినెంట్ చేస్తామన్నారు. పనిలో వంక లేదు గాని, ఆ నెలలో మళ్ళీ ఆలస్యమైతే పేరు కొట్టేస్తానని సూపర్‌వైజరమ్మ తేల్చి చెప్పేసింది.

ఇక మా బస్సు కంపెనీ వారి క్రమశిక్షణ చూడండి. రైలు కొద్ది నిమిషాలు అటూ ఇటూ అయినా టైముకు వచ్చినట్టే లెక్క. బస్సు మాత్రం క్షణం కూడా ఆగకూడదు. అందుచేత రైలు ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగానే బస్సు గేటు దాటేస్తుంది. రైలు టైముకే వచ్చింది, బస్సు టైముకే వెళ్ళింది. ఆలస్యమైంది మా అక్క ఒక్కతే. తప్పెవరిదో మీరే చెప్పండి!

ఇంత సమయపాలనకు కంపెనీకి ఏదో అవార్డు కూడా వచ్చింది. ఆ పోస్టర్‌ను బస్సు వెనక అద్దం మీద అంటించారు. పరుగెత్తుకొచ్చేవాళ్ళకు చక్కగా కనబడుతుంది.

కాస్త ఆగితే ఏం పోతుందని డ్రైవర్‌నే అడిగాను.

"అప్పుడు మీరు పరాయి కంపెనీ ప్రయాణికులు, బతిమాలి ఎక్కించుకునేవాణ్ణి" అన్నాడు. "ఇప్పుడు మీరు మావాళ్ళే కదండీ. మనవాళ్ళ కోసం మర్యాదలేముంటాయి?"

ఎంత నిజం! మన ఇళ్ళల్లో మాత్రం? చుట్టాలు తిన్నాక గిన్నె అడుగున మాడింది ఎవరు తింటారు? ఇంటివాళ్ళేగా. కంపెనీ మమ్మల్ని ఇంటివాళ్ళను చేసుకుంది. అభిమానంతో నాకు కళ్ళు చెమర్చాయి.

అయితే అతను గొంతు తగ్గించి ఇంకో మాట కూడా చెప్పాడు. టైము దాటాక బస్సు ఆగితే, కంపెనీ బస్సులో బిగించిన మిషన్ అతని పేరు పక్కన ఎర్ర మార్కు వేస్తుందట. జనాన్ని వదిలేసి వెళ్తే ఏ మార్కూ ఉండదట. పై నుంచి ఎవరైనా ఒక మాట చెబితే నిశ్చింతగా ఆగుతానన్నాడు.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే. అర్జీ పెట్టే పని ఏదొచ్చినా నామీదే పడుతుంది. సరే, ఆ రోజే సెలవు పెట్టి పై మనిషిని వెతుకుతూ బయల్దేరాను. బస్సు తమది కాదు, అద్దెకు తెచ్చిందని డిపోలో అన్నారు. అద్దెకిచ్చినవాళ్ళు డ్రైవర్ ఏజెన్సీ మనిషి కదా అన్నారు. ఏజెన్సీవాళ్ళు టైములు రీజినల్ ఆఫీసువన్నారు. అక్కడ మేడమ్ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, టైములు సిస్టమ్ వేస్తుందని ఓపిగ్గా వివరించింది. ఆ సిస్టమ్ ఎవరిదని అడిగితే ఇంకో గ్లాసు మంచినీళ్ళిచ్చింది. ఇంతమంది, ఇన్ని అంతస్తులు, ఇన్ని కుర్చీలు! కాస్త ఆగమని చెప్పగల మనిషి మాత్రం ఎక్కడా లేడు.

చివరికి దారి చూపింది ఆ ముసలి బస్సే. రిపేరొస్తే ఆగినా ఎర్ర మార్కు పడదని డ్రైవర్‌కు తట్టింది. మర్నాటి నుంచి రైలు కూత వినబడగానే ఇంజన్‌కు ఏదో ఒక జబ్బు చేసేది. అతను బానెట్ ఎత్తి, పేషెంటును చూసే డాక్టర్‌లా గంభీరంగా లోపలికి చూసేవాడు. మా అక్క ఎక్కి కూర్చోగానే జబ్బు నయమయ్యేది.

కానీ ఎదిగే కంపెనీ ఊరుకుంటుందా? రోజూ రిపేరొస్తున్న రూటు మాదేనని కనిపెట్టి, సరిగ్గా నెలాఖరు వారంలో మాకు సరికొత్త బస్సు పంపింది. అసలు చెడిపోదట. బానెట్ తాళం హెడ్డాఫీసులో ఉంటుందట. మా సౌకర్యం కోసం వాళ్ళకు ఎంత తపన!

కొత్త బస్సు మొదటి రోజు. రైలు కూత దూరంగా వినబడుతోంది. తలుపు మూసుకోవడానికి సిద్ధంగా ఉంది. డ్రైవర్ అద్దంలోంచి నా వంక చూశాడు, నేను స్టేషన్ వంక చూశాను.

అప్పుడు మాతో రోజూ వచ్చే టైలర్ పెద్దమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టింది. రెండో కాలు నేల మీదే ఉంచి, సంచిలో కళ్ళజోడు వెతకడం మొదలుపెట్టింది. మెట్టు మీద మనిషి ఉంటే కొత్త బస్సు తలుపు మూసుకోదు. తలుపు మూసుకోకపోతే బస్సు కదలదు. మార్కు కూడా పడదు.

"ఎక్కుతారా పెద్దమ్మా, దిగుతారా?" అన్నాడు డ్రైవర్, మిషన్‌కు వినబడేలా.

"ఎక్కుతున్నా నాయనా. మోకాళ్ళు పట్టేశాయి. బస్సంటే కంపెనీది, మోకాళ్ళు నావే కదా."

"జోడు మెడలోనే వేలాడుతోంది."

"అది దగ్గరిచూపుది. రైలు కనబడొద్దూ?"

అక్క రొప్పుకుంటూ వచ్చి, పెద్దమ్మను చెయ్యి పట్టుకుని ఎక్కించింది. తలుపు మూసుకుంది.

ఆ వారమంతా పెద్దమ్మ మోకాళ్ళు అలాగే పట్టేశాయి. నెలాఖరున పర్మినెంట్ అయినవాళ్ళలో అక్క పేరుంది. కానీ డ్యూటీ టైము మారలేదు, రైలు టైమూ మారలేదు.

ఇన్ని ఆఫీసులు తిరిగి నేను కనుక్కోలేకపోయిన సంగతి ఇప్పుడు తెలిసింది. బస్సును ఆపగలిగినవాళ్ళే బస్సుకు ఓనర్. రంగులు వేసేవాళ్ళు ఎంతమందైనా ఉండొచ్చు.

వచ్చే వారం పెద్దమ్మ కూతురి దగ్గరికి వెళ్తోంది. అందుకని బస్సులోవాళ్ళమంతా వంతులు వేసుకున్నాం. సోమవారం బస్సు నాది. కుడికాలు పెట్టాలా, ఎడమకాలు పెట్టాలా అన్నదే ఇంకా తేల్చుకోలేదు.